మరమ్మతుకు లొంగనిది: డార్త్ వేడర్ పతనం, తిరిగి రావడం గురించి

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. మీరు తెలుగులో ఒక అంతరిక్ష నవల రాస్తున్నారు. కథానాయకుడు సాటిలేని యోధుడు. కోపంలో ఒక వలస గ్రహాన్ని తగలబెడతాడు. చివరి అధ్యాయంలో తన నౌకతో శత్రు నౌకను ఢీకొట్టి ప్రాణాలు వదులుతాడు. చదివిన స్నేహితులు, అంతమందిని చంపినవాడు ఒక్క నిమిషంలో మంచివాడైపోతాడా అని నిలదీశారు. మీరు ‘స్టార్ వార్స్’ చిత్రాల్లోని అనకిన్ స్కైవాకర్‌ను, అంటే డార్త్ వేడర్‌ను ఉదాహరణగా చూపించారు. వాళ్లు అతన్ని కూడా క్షమించలేదు. ‘అక్కడ చెల్లింది నా దగ్గర ఎందుకు చెల్లదు’ అన్నది మీ ప్రశ్న.

ముప్పై ఏళ్లుగా కథల రాతప్రతులు చదివి సరిదిద్దే పనిలో ఉన్నాను. పతనమై తిరిగి లేచిన వీరుల కథలు ఏటా నా బల్ల మీదికి వస్తూనే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం పద్దుల పుస్తకంలా నడుస్తాయి: ఈ పక్క పాపాలు, ఆ పక్క ఒక త్యాగం, కింద గీత గీసి సరిపోయిందని లెక్క తేల్చడం. మీ స్నేహితులూ అదే లెక్క వేశారు. ఆ లెక్కన చూస్తే వాళ్ల మాటే నిజం. జెడై అనే యోధ సన్యాసుల ఆలయంలో పసివాళ్లను కత్తికి ఎర చేసినవాడు, ఆల్డెరాన్ గ్రహం పేలిపోతుంటే ఆ గ్రహపు బిడ్డ లేయాను కదలనివ్వకుండా పట్టుకుని నిలబడ్డవాడు, చివర ఒక చక్రవర్తిని గోతిలోకి విసిరినంత మాత్రాన బాకీ తీరదు. అయినా 1983 నాటి ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ ముగింపులో ఆ మనిషి కోసం నా గొంతు ప్రతిసారీ బిగుసుకుపోతుంది. కారణం అతని చావు అనుకోవద్దు. ఆ కథ అతన్ని ఎక్కడ పోగొట్టుకుందో సరిగ్గా అక్కడికే తిరిగి తీసుకొస్తుంది. మీ రాతప్రతిలో లేనిది అదే.

అతను పోయింది ఎక్కడ? చాలామంది 2005 నాటి ‘రివెంజ్ ఆఫ్ ది సిత్’ అంటారు. నేను 2002 నాటి ‘అటాక్ ఆఫ్ ది క్లోన్స్’లోని ఒక చిన్న సన్నివేశాన్ని చూడమంటాను. అనకిన్ తల్లి ష్మీ. టాటూయిన్ అనే ఎడారి గ్రహంలో తల్లీ కొడుకులిద్దరూ బానిసలు. తొమ్మిదేళ్ల వయసులో పందెం గెలిచి అతను విడుదలయ్యాడు, తల్లి అక్కడే ఉండిపోయింది. పదేళ్లపాటు జెడైలలో ఎవరూ ఆమె గురించి ఆలోచించలేదు. ఆమె బాధపడుతున్నట్టు కలలు వస్తే, కలలు వాటంతట అవే పోతాయని గురువు ఓబీ-వాన్ ఊరడించాడు. చివరికి అతను వెతుక్కుంటూ వెళ్లేసరికి ఆమె ఎడారి తెగవాళ్ల గుడారంలో కట్టేసి ఉంది. అతని చేతుల్లోనే ప్రాణం వదిలింది. ఆ రాత్రి అతను గుడారాల్లో ఉన్న మగవాళ్లను, ఆడవాళ్లను, పిల్లలను, అందరినీ నరికాడు.

నేను చూడమంటున్నది ఆ నరకడం తరువాతి సన్నివేశాన్ని. అతను ఒక కొట్టంలో కూర్చుని ఏదో యంత్రభాగం బాగు చేస్తుంటాడు. అతను ప్రేమించిన పాద్మే భోజనం తెస్తుంది. వస్తువులను బాగు చేస్తున్నప్పుడు బతుకు సులువుగా అనిపిస్తుందని, ఆ పనిలో తనకు ఎప్పుడూ నేర్పు ఉందని, కానీ అమ్మ విషయంలో ఆ నేర్పు పనికిరాలేదని చెబుతాడు. ఏదో ఒకనాడు మనుషులు చనిపోకుండా ఆపడం కూడా నేర్చుకుంటానంటాడు. ఆ తరువాతే చేసిన హత్యలు బయటపెడతాడు.

ఈ యోధుడి ప్రతిభ మొదటి నుంచీ మరమ్మతులో ఉంది. చిన్నప్పుడే పాత సామాన్లు ఏరి పందెపు వాహనం కట్టుకున్నాడు, తల్లికి సాయంగా ఉండాలని ఒక యంత్రమానవుణ్ణి తయారు చేశాడు. కత్తి తిప్పడం తరువాత వచ్చిన విద్య. తగినంత నేర్పు, తగినంత బలం ఉంటే ప్రపంచంలో ఏదైనా బాగు చేయవచ్చని నమ్మే పిల్లవాడికి తల్లి చావు మొదటి ఓటమి. దాన్ని అతను దుఃఖంగా తీసుకోలేదు, చేతకానితనంగా తీసుకున్నాడు. ఆ పొరపాటు నుంచే మిగిలినదంతా పుట్టింది. ప్రతిభ ఒకచోట, లోపం ఇంకోచోట పెట్టి కథ రాస్తే పతనం బయటి నుంచి వచ్చిన ప్రమాదంలా ఉంటుంది. అనకిన్‌లో రెండూ ఒకే వేరు.

మూడేళ్ల యుద్ధం తరువాత అతనికి మళ్లీ కలలు వస్తాయి. ఈసారి కలలో చనిపోతున్నది గర్భవతి అయిన పాద్మే. పెళ్లి రహస్యం కాబట్టి ఎవరితోనూ విడమరచి చెప్పలేడు. పేరు చెప్పకుండా యోడాను సలహా అడిగితే, పోగొట్టుకోవడానికి భయపడే ప్రతిదాన్నీ వదులుకోవడం అలవాటు చేసుకోమంటాడు ఆ వృద్ధ గురువు. సలహాలో తప్పు లేదు. సినిమా మొత్తం చూశాక అదే అసలైన జవాబని కూడా తెలుస్తుంది. కానీ ఇల్లు అంటుకున్నవాడికి వైరాగ్యం బోధిస్తే అది చెవికెక్కదు. అతని భయానికి ఒక మనిషి చెవి ఒగ్గాడు. అతను దేశాధినేత అయిన చాన్సలర్ పాల్పటీన్, ముసుగులో ఉన్న సిత్ ప్రభువు, అంటే జెడైల బద్ధశత్రువుల నాయకుడు. నాటకశాలలో పక్కన కూర్చోబెట్టుకుని, ప్రియమైనవాళ్ల చావును ఆపగలిగిన ఒక పాత సిత్ గురువు కథ చెబుతాడు. మరమ్మతు చేసే పిల్లవాడికి, వాడు జీవితమంతా వెతికిన పనిముట్టు ఇదిగో అని చూపించడం అది.

దుర్మార్గుణ్ణి రాసేటప్పుడు నేను ఎప్పుడూ ఈ పాల్పటీన్‌నే గుర్తు చేస్తాను. అతను అనకిన్‌లో కొత్త చెడును నాటడు, ఉన్న పుండును పెంచుతాడు. తల్లి కోసం చేసిన హత్యల గురించి పాద్మేకు తెలుసు, పాల్పటీన్‌కు తెలుసు. పాద్మే ప్రేమ కొద్దీ ఓదార్చి ఊరుకుంది. అతను దాన్ని దాచుకుని సమయం వచ్చినప్పుడు వాడుకున్నాడు. చేతులు తెగి నిరాయుధంగా మోకరిల్లిన శత్రుపక్ష నాయకుడు కౌంట్ డూకును చంపమని పురికొల్పి, చంపాక అనకిన్ బాధపడుతుంటే, ఇది మొదటిసారి కాదు కదా అని ఎడారి రాత్రిని గుర్తు చేస్తాడు. ఆ డూకును ప్రాణాలతో ఉంచడం ప్రమాదకరమని ఆ సందర్భంలోనే అంటాడు. సినిమా సగం దాటాక జెడై గురువు మేస్ విండూ, పాల్పటీన్ మీద కత్తి ఎత్తి, వీణ్ణి ప్రాణాలతో వదలడం ప్రమాదకరమని దాదాపు అవే మాటలు అంటాడు. విచారణ జరగాలని అనకిన్ బతిమాలతాడు. ఆ క్షణంలో మంచివాళ్లకూ చెడ్డవాళ్లకూ తేడా అతనికి కనిపించదు. అతని కళ్లలోంచి చూస్తే మనకూ కనిపించదు. అనకిన్ కత్తి దూసి విండూ చేతిని నరుకుతాడు. పాల్పటీన్ మెరుపులు కురిపించి విండూను కిటికీలోంచి తోసేస్తాడు.

ఇక్కడ నా అభ్యంతరం కూడా చెప్పాలి. తాను చేసింది చూసి విలవిల్లాడిన మనిషి, మరుక్షణమే సిత్ ప్రభువు ముందు మోకరిల్లి, ఆ రాత్రే ఆలయానికి వెళ్లి పిల్లలను చంపడం మరీ తొందరగా జరిగిపోతుంది. అది రచనలో లోపమే. మీ స్నేహితుల అసహనంలో కొంత భాగం ఇక్కడి నుంచే వచ్చి ఉంటుంది. 2008లో మొదలై 2020 వరకు ఏడు భాగాలుగా వచ్చిన ‘ది క్లోన్ వార్స్’ యానిమేషన్ ధారావాహిక ఈ ఖాళీని చాలావరకు పూరించింది. అందులో అనకిన్‌కు అసోకా అనే శిష్యురాలు ఉంటుంది. చేయని నేరానికి జెడై మండలి ఆమెను వెలివేస్తుంది. నిర్దోషి అని తేలాక తిరిగి రమ్మంటుంది. ఆమె రాదు, మెట్లు దిగి వెళ్లిపోతుంది. అనకిన్ ఆమెను ఆపలేకపోతాడు. మండలి మీద అతని అపనమ్మకానికి అక్కడ ఒక కన్నబిడ్డ లాంటి మనిషి ముఖం దొరికింది. మీకు వీలైతే 2013లో ప్రసారమైన ఐదో భాగం చివరి ఎపిసోడ్లు చూడండి. పతనానికి నెమ్మది ఎంత అవసరమో తెలుస్తుంది.

ఆలయంలోని హత్యల్లో ఒక వివరం మాత్రం నన్ను వదలదు. పిల్లలు దాక్కున్నది మండలి సమావేశ మందిరంలో. అనకిన్‌ను సభ్యుడిగా చేర్చుకుని, ‘మాస్టర్’ హోదా మాత్రం ఇవ్వని మందిరం అది. అతను లోపలికి రాగానే ఒక చిన్న పిల్లవాడు ముందుకు వచ్చి ‘మాస్టర్ స్కైవాకర్’ అని పిలుస్తాడు, ఇప్పుడు ఏం చేద్దామని అడుగుతాడు. పెద్దలు ఇవ్వని బిరుదును పసివాడు నమ్మకంగా చేతికిస్తే, అందుకు బదులుగా అతను తన కాంతి కత్తి వెలిగించాడు. నరకడం తెర మీద చూపించలేదు. పోతన భాగవతంలో నిద్రపోతున్న ఉపపాండవులను చంపిన అశ్వత్థామను ద్రౌపది అడుగుతుంది కదా, ఆయుధం పట్టనివాళ్లను, నీకు ఏ ద్రోహమూ చేయని పిన్న పాపలను చంపడానికి నీ చేతులెలా ఆడాయని. తెలుగు చదువుకున్నవాడిగా ఆ దృశ్యం దగ్గర నాకు వినిపించేది ఆ ప్రశ్నే.

ముస్తఫార్ అగ్నిపర్వతాల మధ్య అనకిన్ ఓబీ-వాన్ చేతిలో ఓడి, మిగిలిన చెయ్యీ రెండు కాళ్లూ పోగొట్టుకుని కాలిపోతాడు. ఎవరిని బతికించాలని ఇదంతా చేశాడో ఆ పాద్మే గొంతును అంతకు కాసేపటి ముందు తానే నొక్కాడు. ఆమె ల్యూక్, లేయా అనే కవలలను కని చనిపోతుంది. అతన్ని మాత్రం మరమ్మతు చేసి బతికిస్తారు, లోహపు అవయవాలతో, ఊపిరి కోసం ఒక యంత్రంతో. చావును బాగు చేయాలనుకున్నవాడికి కథ వేసిన శిక్ష అది. అంతకన్నా తగిన శిక్షను నేను ఊహించలేను.

ఇక తిరిగి రావడం. ఇక్కడ ఈ కథ తయారైన తీరు మీకు ధైర్యం ఇస్తుంది. 1977లో మొదటి చిత్రం వచ్చినప్పుడు ల్యూక్ తండ్రి, డార్త్ వేడర్ వేర్వేరు మనుషులు. రెండో చిత్రానికి లీ బ్రాకెట్ 1978లో రాసిన మొదటి చిత్తుప్రతిలో కూడా ల్యూక్ తండ్రి విడిగా ఆత్మరూపంలో కనిపిస్తాడు. వేడరే తండ్రి అన్న ఆలోచన ఆ తరువాతే స్క్రిప్టులోకి వచ్చింది. 1980లో అది తెర మీదికి వచ్చింది. పతనం కథను పూర్తిగా చూపించడానికి 2005 దాకా పట్టింది. అంటే ముగింపు ముందే ఉంది, దానికి సరిపోయే మొదలును వెనక్కి వెళ్లి కట్టారు. మీరూ అలా కట్టవచ్చు. చివరి అధ్యాయం రాశాక మొదటి అధ్యాయాన్ని తిరగరాయడం తప్పు కాదు, పనిలో భాగం.

రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూడండి. 2005లో మెరుపులు కురిపించే పాల్పటీన్, ఎదురుగా ఒక జెడై, మధ్యలో అనకిన్. 1983లో ఇప్పుడు చక్రవర్తి అయిన అదే పాల్పటీన్, నేల మీద మెలికలు తిరుగుతున్న ల్యూక్, మధ్యలో అనకిన్. ఇద్దరు మనుషులు, ఒక మెరుపు, ఎటు కదలాలో తేల్చుకోవాల్సిన మూడోవాడు. మొదటిసారి అతని నోటి నుంచి వచ్చిన మాట, పాల్పటీన్ తనకు అవసరమని. రెండోసారి అతనికి ఎవరూ అవసరం లేదు, ఎదురుగా కొడుకు చనిపోతున్నాడు. ఆ కొడుకును కాపాడితే తనకు దక్కేదేమీ లేదు. కొడుకు తనతో ఉండడు, తాను బతకడు. పాద్మే కోసం చేసిన ప్రతి పనిలో ‘నా దగ్గర ఉండిపోవాలి’ అన్న పట్టుదల ఉంది. ఇక్కడ అది లేదు. ప్రేమ అదే, గుప్పిట తెరుచుకుంది.

అంతకు ముందు ఒకటి జరగకపోతే ఆ గుప్పిట తెరుచుకునేది కాదు. చివరి పోరులో ల్యూక్ మనసులోంచి చెల్లెలి సంగతి తెలుసుకుని, నువ్వు చెడు దారికి రాకపోతే ఆమె వస్తుందేమో అంటాడు వేడర్. ల్యూక్ రెచ్చిపోతాడు. ప్రియమైన మనిషిని పోగొట్టుకుంటానన్న భయం, దాని వెనకే కోపం: అచ్చంగా తండ్రి నడిచిన దారి. కొట్టి కొట్టి తండ్రి కుడి చెయ్యి నరుకుతాడు. తెగిన చోట తీగలు కనిపిస్తాయి. అంతకు ముందు చిత్రంలో తండ్రి నరికిన తన కుడి చేతి స్థానంలో ఉన్న యంత్రపు చేతిని, నల్లని తొడుగును చూసుకుంటాడు. కత్తి అవతల పారేసి, నేను నా తండ్రి లాగే జెడైని అంటాడు. ఆ మాట వింటున్న తండ్రి స్థితి ఊహించండి. సరిగ్గా తాను తప్పిన మలుపులో, తన రక్తమే, తనకున్న భయంతోనే, ఆగింది. ఆగడం సాధ్యమని అతనికి మొదటిసారి కళ్లారా తెలిసింది. ఓబీ-వాన్ ఆత్మ అతన్ని మనిషి కన్నా యంత్రమే ఎక్కువ అని తేల్చేసింది. యోడా తలపడమనే పంపాడు. వేడరే ల్యూక్‌తో, నాకు సమయం మించిపోయింది కొడుకా అన్నాడు. అతనిలో మంచి మిగిలి ఉందని నమ్మింది చనిపోతున్న పాద్మే, ఆ మాట వినకుండానే అదే నమ్మిన ల్యూక్.

ఈ నిర్ణయాన్ని ఒక ముసుగు మీద చూపించారు. వేడర్ దేహం డేవిడ్ ప్రౌస్, గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్, 1980, 1983 చిత్రాల్లో కత్తిపోరు ఎక్కువగా బాబ్ ఆండర్సన్, ముసుగు తీశాక కనిపించే ముఖం సెబాస్టియన్ షా. కదలని నల్లని ముసుగు చక్రవర్తి వైపు తిరుగుతుంది, కొడుకు వైపు తిరుగుతుంది. మాట లేదు. కాలేజీ రోజుల్లో వీడియో క్యాసెట్‌లో మొదటిసారి చూసినప్పుడు ఆ ముసుగు ముఖకవళికలు మారాయని నేను ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ణి. 2011లో బ్లూ-రే కోసం అక్కడ ‘నో’ అన్న అరుపు చేర్చారు. నా మట్టుకు అది గాయం. పాఠకుడు తన గుండెతో నింపుకోవాల్సిన చోటును మాటతో పూడ్చకండి.

ఇప్పుడు మరమ్మతు దగ్గరికి వస్తాను, నా జవాబుకు ప్రాణం అక్కడే ఉంది. మెరుపుల దెబ్బకు యంత్రం పాడై ఊపిరి అందని తండ్రి, ముసుగు తీయమని కొడుకును అడుగుతాడు. తీస్తే చనిపోతావని ల్యూక్ అంటాడు. ఇక దాన్ని ఏదీ ఆపలేదని జవాబు. నా కళ్లతో నిన్ను ఒక్కసారి చూడాలంటాడు. మనుషులు చనిపోకుండా ఆపడం నేర్చుకుంటానని కొట్టంలో కూర్చుని శపథం చేసిన కుర్రవాడు, ఇరవై ఏళ్లు దాటాక, చావును ఆపే యంత్రాన్ని తన ముఖం మీద నుంచి తీసేయమని అడుగుతున్నాడు. యోడా చెప్పిన పాఠం అప్పటికి ఒంటబట్టింది. అప్పుడు జాన్ విలియమ్స్, 1980 నుంచి సైన్యాల అడుగుల చప్పుడులా మోగించిన వేడర్ బాణీని నెమ్మదించి, చివర హార్ప్ తీగల మీద సన్నగా వినిపించి వదిలేస్తాడు.

మరి పాపాలు? కథ వాటిని తుడిచేయలేదు, ఇది మీ స్నేహితులకు చెప్పండి. చితి దగ్గర ల్యూక్ ఒక్కడే నిలబడతాడు. లేయా రాదు. ఆమెను హింసించినవాడు, ఆమె గ్రహం కాలిపోతుంటే పట్టుకుని నిలబడ్డవాడు తన తండ్రి అని ఆమెకు తెలుసు. ఆమె చేత క్షమించాను అనిపించలేదు. అలా అనిపించి ఉంటే నేను ఈ జవాబు రాసేవాణ్ణి కాదు. పోతన కథలో క్షమ ద్రౌపది నోటి నుంచి వచ్చింది. అశ్వత్థామ తల్లి కృపి కూడా నాలాగే ఏడుస్తుందని ఆమె అంది. బిడ్డలను పోగొట్టుకున్న తల్లికే ఆ మాట అనే అర్హత ఉంది. స్టార్ వార్స్‌లో ఆలయపు పిల్లల తరఫున మాట్లాడే నోరు లేదు. దాన్ని నేను ఆ కథలోని పెద్ద వెలితిగానే చూస్తాను. కానీ కనీసం, లేని క్షమను ఉన్నట్టు చూపించే అబద్ధం ఆడలేదు. చిత్రానికి మొదట ‘రివెంజ్ ఆఫ్ ది జెడై’ అని పేరు పెట్టి, ఆ పేరుతో పోస్టర్లు కూడా అచ్చయ్యాక, జెడై పగ తీర్చుకోరు కదా అని 1982 చివర ‘రిటర్న్’గా మార్చారు. బాకీ తీర్చడం కాకుండా, తిరిగి రావడం అన్నమాటే నిలిచింది.

మీ నవల విషయానికి వస్తే, చివరి ఢీకొట్టడం తీసేయమని నేను అనను. ముందు మీ యోధుడు ఆ గ్రహాన్ని తగలబెట్టిన రాత్రిని మళ్లీ తెరవండి. అతను ఎవరిని పోగొట్టుకుంటానని భయపడ్డాడు? ఏ విద్యలో అందరికన్నా మిన్న, ఆ విద్య ఆ రాత్రి ఎందుకు అక్కరకు రాలేదు? మీరు పంపిన సారాంశంలో అతను గొప్ప నావికుడని ఉంది, కానీ తగలబెట్టేటప్పుడు అతను నావికుడిలా ఏ పనీ చేయడు, ఎవరైనా నొక్కగలిగే మీట నొక్కుతాడు. ఆ మంటల్లోంచి బయటపడ్డ ఒక మనిషిని చివరి అధ్యాయం దాకా బతికించండి. ఆ మనిషికి పేరు పెట్టండి, మాట ఇవ్వండి. క్షమిస్తుందో లేదో మీరు ముందే తేల్చేయవద్దు. ఆ మనిషి అదే శత్రు నౌకలో బందీగా ఉంటే, ఢీకొట్టడం అన్న సులువైన దారి మీ యోధుడికి మూసుకుపోతుంది. అప్పుడు అతను ఏం చేస్తాడో రాసి పంపండి, చదువుతాను.